కింది నుంచి వచ్చే కబురు

ఆ పొద్దున మొగులు కమ్మి ఉంది. వాన కురిసే మొగులు కాదు. చల్లారిన గంజి మీద తెట్టు కట్టినట్టు తెల్లగా, మందంగా, కదలకుండా ఉంది. పొద్దు ఎక్కడ పొడిచిందో తెలియలేదు. నేను తాటిచెట్లు గీసి వచ్చి వాకిట్లో కల్లు కుండలు దించుతున్నాను. మా అన్న సాయిలు వేపపుల్ల నములుతూ గడప దాటబోయాడు. కుడికాలు గడప అవతల పెట్టాడు. ఎడమకాలు లేవలేదు.

"ఏమైందే అన్నా?"

"ఆగింది."

అంతే అన్నాడు. బస్సు కోసం నిలబడ్డ మనిషిలా దర్వాజా పట్టుకొని నిలబడ్డాడు. వదిన కనకవ్వ పొయ్యి కాడ నుంచి లేచి వచ్చి, ఆయన నడుం పట్టీకి ఉన్న పెట్టె మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది.

"కాలుతున్నదయ్యా ఇది. రొట్టెల పెంక లెక్కున్నది."

కాసేపటికి పెట్టె చల్లబడింది. ఎడమకాలు లేచింది. అన్న ఏమీ కానట్టు బోరింగు దాకా పోయి ముఖం కడుక్కున్నాడు. కానీ ఆ పూట ఆయన చాయ తాగలేదు.

అన్న తాటిచెట్టు మీంచి పడ్డప్పుడు ఆయన బిడ్డ అఖిల ఇంకా బడికి పోతోంది. నడుముకు, చెట్టుకు చుట్టే మోకు తెగలేదు, జారింది. నడుం కాడ వెన్ను విరిగింది. అక్కడి నుంచి కింది మనిషి మాకు దక్కలేదు. ఏండ్ల తరబడి మంచం. వదిన పక్కకు తిప్పితే తిరిగేవాడు, లేకుంటే వాసాలు చూస్తూ పడి ఉండేవాడు. అట్లాంటి రోజుల్లో నగరంలోని ఒక ప్రయోగశాల వాళ్లు వచ్చి, పనిముట్టు ఒకటి చేశామని, ఒప్పుకున్న కొందరికి పెడతామని అన్నారు. దాన్ని నాడీ వారధి అంటారు. వెన్ను విరిగిన చోటికి పైన ఒక రేకు, కింద ఒక రేకు, నడుముకు పట్టీ, పట్టీకి అరచేతి మందాన పెట్టె. మనసు నడువుమంటే ఆ మాటను పెట్టె కిందికి దాటిస్తుంది. కాలు నేలకు ఆనితే ఆ కబురును పైకి దాటిస్తుంది. మొదటిసారి ప్రయోగశాల బండల మీద కాలు మోపినప్పుడు అన్న "సల్లగున్నది" అన్నాడు. వదిన నోట్లో కొంగు కుక్కుకొని ఏడ్చింది.

అది చూసిన అఖిల ఆ చదువే చదివింది. ఆ ప్రయోగశాలలోనే కొలువు చేస్తోంది. ఆ పెట్టెకు, ఒంటికి మధ్య మాటలు నడిపే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. డ్రైవర్ అంటారు. దాన్ని చూసుకునే పని ఆ పిల్లది.

ఫోన్ చేసి చెబితే అఖిల ఎక్కువ అడగలేదు. "కాకా, బాపును తోల్కరా. బస్సుల నిలబడనీయకు. అమ్మను గూడ తీస్కరా" అంది.

ప్రయోగశాలకు పెద్ద రాజ్యశ్రీ మేడం. తల నెరిసినా కుర్చీలో కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. అన్న పెట్టెను ఆమె ముట్టుకొని చూసి, దాచకుండా చెప్పింది. పాత పెట్టెలో ఉన్న చిప్పును తయారుచేసే కంపెనీ మూతపడింది. అట్లాంటిది ఇక ఎక్కడా దొరకదు. ఇంకో కంపెనీ చిప్పుతో కొత్త పెట్టె చేసి ఉంచారు. అది వేడెక్కదు, బరువు కూడా తక్కువ. కానీ పాత డ్రైవర్ దాని మీద కూర్చోవడం లేదు.

కూర్చోకపోవడమంటే ఏమిటో అఖిల గదిలో చూశాను. ఆ పిల్ల ఒక మీట నొక్కింది. తెర మీద వరుసలు పారాయి. పారి పారి ఎర్రగా నిలిచాయి.

"ఎర్రగ గదంత ఏంది బిడ్డా?"

"తప్పులు కాకా. పాత పెట్టెకు రాసింది కొత్త పెట్టెకు ఎక్కుతలేదు."

"బాస వేరేనా?"

"బాస ఒక్కటే. కొలతలు వేరు. మనూరి సోలకు, పక్కూరి సోలకు తేడా ఉండేదంటరు గద, గట్ల. పాతదాంట్ల ఒక అంకెకు ఎంత జాగనో, దీంట్ల దానికి రెండింతలు. పాతది అంకెను తోక దిక్కు నుంచి చదివేది, ఇది తల దిక్కు నుంచి చదువుతది. రాసినాయన ఇవి ఎన్నటికీ మారయనుకున్నడు."

"ఎవలాయన?"

"విఠల్ సారు. ఈ పెట్టెకు మాటలు నేర్పింది ఆయనే. పోయిండు."

మాకు ప్రయోగశాల వెనక ఒక గది ఇచ్చారు. అన్న మంచం మీద కూర్చుంటే వదిన తాటాకు విసనకర్రతో ఆయన నడుం కాడ విసిరేది. పెట్టె చల్లగా ఉన్నంతసేపు కాళ్లు పనిచేసేవి.

"సూడు తమ్మీ" అనేవాడు అన్న నాతో. "పెండ్లయిన కాడ్నించి నాకు ఒక్కనాడన్న ఇసిరిందా? పెట్టెకు మర్యాద జూడు."

"నువ్వు గూడ గిట్ల కాలితె ఇసురుదును" అనేది వదిన.

నవ్వేవాళ్లం. కానీ విసనకర్ర ఆగితే ముగ్గురం పెట్టె వైపే చూసేవాళ్లం.

అఖిల తప్పులను ఒక్కొక్కటిగా తీస్తూ వచ్చింది. ఒక తప్పు సర్దితే దాని కింద దాగిన ఇంకొన్ని పైకి వచ్చేవి. అన్నం గిన్నె పట్టుకొని పోతే, తెర మీద నుంచి చూపు తీయకుండా "పెట్టిపో కాకా" అనేది. మర్నాడు పోతే గిన్నె పెట్టినట్టే ఉండేది. అయినా ఎరుపు తగ్గుతూ వచ్చింది. తెర నిండా ఉన్నది సగమైంది, పిడికెడైంది. చివరికి ఒక్క చోట ఆగింది.

ఆ ఒక్క చోటు దగ్గర అఖిల చేతులు కూడా ఆగాయి.

అది కింది నుంచి పైకి కబురు తెచ్చే ముక్క. విఠల్ సారు దాన్ని అందరికీ తెలిసిన మాటల్లో రాయలేదట. పాత చిప్పుకు మాత్రమే తెలిసిన మోటు మాటల్లో, ఆ చిప్పు గుండె కొట్టుకునే వేగాన్ని లెక్కపెట్టుకుంటూ రాశాడట. అరికాలి కింద ఇసుకా, రాయా, తడా, వేడా అన్నది ఆ లెక్కను బట్టే తెలిసేది. కొత్త చిప్పు గుండె వేగం వేరు. ఆ మోటు మాటలు దానికి రావు. ఆయన ఆ లెక్క ఎట్లా కట్టాడో అడుగుదామంటే మనిషి లేడు.

రాజ్యశ్రీ మేడం మా గదికి వచ్చి గోడకు ఆనుకొని నిలబడింది.

"సాయిలు గారూ, రెండు దారులున్నాయి. పాత పెట్టె మీ ఒంటి మీద నడుస్తుండగా మేము విని, ఆ ముక్కను మళ్లీ రాయొచ్చు. నెలలు పడుతుంది. అంతవరకు పెట్టె బతుకుతుందని నేను చెప్పలేను. మధ్యలో ఆగిపోతే కింది నాడులకు రోజూ అందే మాట అందదు. అవి మూసుకుపోతాయి. తర్వాత ఏ పెట్టె పెట్టినా తెరుచుకోవు."

ఈ మాట మాకు ఇంకెవరూ విడమరచి చెప్పనక్కరలేదు. గీసే చెట్టును గీయకుండా నాలుగు రోజులు వదిలితే గెల కొస ఎండుతుంది. ఆ తర్వాత ఎంత గీసినా చుక్క రాదు. అన్న నా ముఖం చూశాడు. నేను తల దించుకున్నాను.

"రెండు పెట్టెలూ ఒక్కసారే పెట్టరాదా మేడం?" అని అడిగాను.

"ఒకే నాడి మీద రెండు మాట్లాడితే కాళ్లు కొట్టుకుంటాయి. పడిపోతాడు."

"రెండో దారేంది?" అన్నాడు అన్న.

మేడం అఖిల వైపు చూసింది. అన్న బిడ్డనే అడిగాడు.

"కిందికి పోయే మాట మంచిగున్నదా బిడ్డా?"

"ఉన్నది బాపూ."

"నడుస్తనా?"

"నడుస్తవు."

"అయితే అడ్డమొచ్చింది గా పైకొచ్చే ముక్కొక్కటే గద. మట్ట అడ్డమొస్తె మనమేం జేస్తం? కొట్టేస్తం. చెట్టుకేమైతది?"

"అది మట్ట కాదు బాపూ. మొవ్వ."

ఆ పిల్ల ఏనాడూ చెట్టెక్కలేదు గానీ కల్లు గీసే గౌండ్ల ఇంట్లో పుట్టింది. తల మీది లేత మొవ్వ కొట్టిన తాటిచెట్టు బతకదని పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. అన్న కిటికీ వైపు చూశాడు. కిటికీ అవతల గోడ తప్ప ఏమీ లేదు.

"మొవ్వ పోయిన చెట్టు గూడ కొన్నొద్దులు నిలబడే ఉంటది. నాకు నిలబడుడు కావాలె. మంచంల పండుడు మల్ల నాతోని కాదు. మీ అమ్మతోని అసలే కాదు. కొట్టెయ్."

వదిన చేతిలో విసనకర్ర ఆగింది.

అఖిల ఆ ముక్కకు కంచె కట్టింది. అంటే రాసింది అక్కడే ఉంటుంది, యంత్రం మాత్రం దాన్ని చదవకుండా దాటిపోతుంది. దాని స్థానంలో, పైన అడిగినప్పుడల్లా అంతా అందిందని జవాబిచ్చే వరుస ఒకటి పెట్టింది. అట్లా పెట్టకపోతే మిగతా ప్రోగ్రాం కబురు కోసం ఎదురుచూస్తూ ఆగిపోతుందట. మీట నొక్కింది. వరుసలు పారాయి. ఈసారి ఎక్కడా ఎర్రబడలేదు. అడుగున పచ్చగా ఒక్క వరుస వచ్చి నిలిచింది.

"అంటే?" అన్నాను.

"తప్పులు లేవని" అంది. కుర్చీలోంచి లేవలేదు.

కొత్త పెట్టె పెట్టిన రోజు అన్న వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. పాతదానితో కొంచెం కుంటేవాడు. ఇప్పుడు కుంటు లేదు, వణుకు లేదు. ప్రయోగశాల పిల్లలు చప్పట్లు కొట్టారు. వదిన కూడా కొట్టింది. తర్వాత ఆయన్ను కూర్చోబెట్టి, కండ్లకు తువ్వాల కట్టి, అఖిల కింద కూర్చుంది. దూదితో అరికాలు నిమిరింది. తాళంచెవి కొసతో గీసింది. ఐసుముక్క ఆనించింది. రెండు కాళ్లూ అయినాక అన్నీ పళ్లెంలో పెట్టేసింది.

అన్న తువ్వాల కింద నుంచి అడిగాడు. "ఎప్పుడు మొదలుపెడ్తవు బిడ్డా?"

ఊరికి వచ్చాక అన్న నడకను అందరూ వింతగా చూశారు. మండువ కాడ కల్లు తాగేవాళ్లు మాటలు విసిరారు.

"సాయిలన్న పోలీసోని లెక్క నడుస్తున్నడు రా!"

"గని తల కిందికేసుకొని నడుస్తడేంది? ఏమన్న పారేసుకున్నవా అన్నా?"

"ఆ, ఎతుకుతున్న" అన్నాడు అన్న.

కాళ్లను చూస్తేనే ఆయనకు కాళ్లు ఎక్కడున్నాయో తెలిసేది. చూపు పక్కకు పోయిందంటే అడుగు తప్పేది. ఎవరైనా పిలిస్తే ముందు ఆగి, కాళ్లు చూసుకొని, ఆ తర్వాత తల ఎత్తేవాడు. ఒకసారి మునిమాపు వేళ కరెంటు పోయింది. వాకిట్లో నడుస్తున్నవాడు నడుస్తున్నట్టే కూలాడు. నేను లేపితే "చీకట్ల నాకు కాళ్లు లేవు తమ్మీ" అన్నాడు. కొత్త సంగతి తెలుసుకున్నవాడిలా చెప్పాడు.

రోజూ పొద్దుగూకే ముందు వదిన ఆయన్ను మంచం మీద కూర్చోబెట్టి అరికాళ్లు తిప్పి చూసేది. ఒకనాడు మడమలో తుమ్మముల్లు దొరికింది. ఎన్నాళ్ల కింద దిగిందో, చుట్టూ చీము పట్టింది. పిన్నీసుతో తీస్తుంటే అన్న ఇంకెవరి కాలో చూస్తున్నట్టు వంగి చూశాడు.

"నొప్పి లేదు గద, మంచిదే" అన్నాడు.

"నొప్పన్న ఉంటే నువ్వే చెప్తువు. నేను ఎతుక్కునుడు ఉండకపోవు" అంది వదిన.

ఇంకోనాడు నేను చెట్టెక్కి గీస్తున్నాను. కింద అన్న వచ్చి నిలబడ్డాడు. చెప్పు విడిచి, కాలు ఎత్తి, అరికాలు తాటి బోదెకు ఆనించాడు. తాటి బోదె అరికాలికి ఎట్లా ఉంటుందో ఎక్కినవాడికే తెలుసు, ఆకురాయి మీద పెట్టినట్టు ఉంటుంది. అన్న కాలును చూశాడు, బోదెను చూశాడు. మళ్లీ కాలును చూశాడు. కాలు దించి, చెప్పు వెతికి తొడుక్కొని పోయాడు. పైన నేనున్నానని తెలిసి కూడా పిలవలేదు.

అఖిల పండుగలకు కూడా రాలేదు. ఆ ముక్కను కొత్త చిప్పుకు తిరగరాస్తానని పట్టుబట్టింది. తీసేసిన అన్న పెట్టె ఆ పిల్ల బల్ల మీదే ఉంది గానీ ఒంటి మీద లేని పెట్టె ఏమీ మాట్లాడదు. పాత పెట్టెలున్న మిగిలినవాళ్లు కూడా అవి వేడెక్కగానే అన్నలాగే కొత్తవి పెట్టించుకున్నారు. బాలామణి అని బీడీలు చుట్టే ఆమె ఒక్కతే వద్దంది. నేల తెలియకుండా నడిచే నడక నాకెందుకంది. పాత పెట్టెతోనే ఉంటాను, మీరు వినాల్సింది వినుకోండి అంది. అఖిల ఆమె పక్కన కూర్చొని, ఆమె అడుగు వేసినప్పుడల్లా పెట్టె లోపలి లెక్కను విని రాసుకుంది. లెక్క చాలావరకు చిక్కినాక ఒకరోజు ఆ పెట్టె ఆగింది. మళ్లీ లేవలేదు. కొత్తది పెట్టేలోపే నాడులు మూసుకుపోయి బాలామణి మంచాన పడింది.

"ఆమె కాళ్లు పెట్టి రాసిన కాకా ఇది" అంది అఖిల ఫోన్లో.

అప్పటికి ఎండలు ముదిరాయి. ఆ పిల్ల బస్సు దిగితే ముందు గుర్తుపట్టలేదు. దవడలు పీక్కుపోయాయి. భుజానికి కంప్యూటర్ సంచి ఒక్కటే ఉంది, బట్టల సంచి లేదు.

"ఆ ముక్క ఎక్కింది కాకా. ఒక్క తప్పు లేదు" అంది నడుస్తూ. "గని మేడం అంటున్నది, పైకి వచ్చే దారి ఇన్నొద్దులు ఉత్తగ పడి ఉన్నది, తెరిచి ఉందో మూసుకున్నదో చెప్పలేనని."

"కానియ్, సూద్దాం."

"మూసుకుంటే నా వల్లనే మూసుకున్నట్టు. ఇగ నేను ఆ కొలువు చెయ్య. ఆ బల్ల కాడ కూసోను."

"మీ బాపు కొట్టుమంటె కొట్టినవు."

"చెయ్యి నాదే గద కాకా."

సంచి నేను పట్టుకున్నాను.

మేము పోయేసరికి అన్న అరుగు మీద ఉన్నాడు. బిడ్డ ముఖం చూశాడు, చాలాసేపు చూశాడు. లోపల వదిన బిడ్డకు నీళ్లిచ్చింది.

అన్నను మంచం మీద కూర్చోబెట్టి, కాళ్లు కిందికి వేలాడదీసి, అఖిల కంప్యూటర్‌ను తీగతో పెట్టెకు కలిపింది. కొత్త డ్రైవర్ ఎక్కింది. అన్న తన తువ్వాలను తానే కండ్లకు గట్టిగా కట్టుకున్నాడు. అఖిల ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది. కూర్చొని, చేతులు రెండూ ఒడిలో పెట్టుకొంది. వాటిని చూసుకుంటూ ఉండిపోయింది. ముట్టుకుంటే తేలిపోతుంది. అందుకే చెయ్యి లేవడం లేదని నాకు తెలుస్తూనే ఉంది.

"బాపూ..." అంది.

అంతే అంది. చేతులు ఒడిలోనే ఉన్నాయి.

"ఆఁ, తెలుస్తున్నది బిడ్డా" అన్నాడు అన్న. ముఖం విప్పారింది. "ఎడమకాలు. నీ చెయ్యి సల్లగున్నది."

తలుపు దగ్గర నిలబడ్డ వదిన నన్ను చూసింది. నేను గోడను చూశాను.

అఖిల తల ఎత్తి తండ్రి ముఖం చూసింది. తువ్వాల కింద ఆయన ఇంకా నవ్వుతున్నాడు. అప్పుడు ఆ పిల్ల ఒడిలోంచి చేతులు తీసి, ఆయన ఎడమ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది.

"ఇప్పుడు?"

"గట్లనే ఉంచినవు గద, ఇంక తియ్యలే" అన్నాడు. "మంచిగ రాసినవు బిడ్డా. ఇగ ఆ కొలువు ఇడువకు."

ఆ పిల్ల కొలువు మాట నాతో తప్ప ఎవరితోనూ అనలేదు. నేను ఎవరికీ చెప్పలేదు. ముఖం చూసే పట్టుకున్నాడు.

"ఇడువ బాపూ" అంది అఖిల. పాదాన్ని మెల్లగా నేల మీద పెట్టి, తీగ విప్పింది.

వదిన అన్నం వండి పచ్చిపులుసు చేసింది. నలుగురం నేల మీద కూర్చున్నాం. ఉడుకుడుకు అన్నం గిన్నె తెచ్చి మధ్యలో పెట్టి, వదిన అందరికీ వడ్డించింది. గిన్నెను జరుపుతూ కొంచెం అన్న వైపు తోసింది. అది అన్న పిక్కకు ఆనింది. ఆవిరి ఇంకా లేస్తోంది. అన్న కాలు జరపకుండా ముద్ద కలుపుకుంటున్నాడు. అఖిల తింటూనే ఎడమచేత్తో గిన్నె అంచు పట్టి, తన దగ్గరికి లాక్కుంది. అన్న తల ఎత్తలేదు. వదిన పచ్చిపులుసు ఆయన పళ్లెంలో పోసింది. తిన్నాం.